కొత్త ఫిల్లర్ కొన్నారు సరే, లైన్ స్పీడ్ ఎందుకు పెరగలేదు?

నమస్తే. పోయిన వీడియో కింద మళ్లీ అదే కామెంట్: "లైన్ స్లోగా ఉంటే స్పీడ్ మెషీన్ ఒకటి కొనేస్తే పోలా?" పోదండీ. చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. ఈసారి సీసాల లైన్‌తో చెబుతా, అంటే సీసాని కడిగి, నింపి, మూత పెట్టి, లేబుల్ అంటించే మెషీన్ల వరస.

[తెర మీద: కడిగే మెషీన్ 130, ఫిల్లర్ (నింపేది) 100, మూత పెట్టేది 120, లేబులర్ (లేబుల్ అంటించేది) 80]

నిమిషానికి ఎన్ని సీసాలో ఆ లెక్క. అంకెలు నేను అనుకున్నవే. చివర్లో ఎన్ని బయటికొస్తాయి? 80. ఇప్పుడు ఫిల్లర్ పీకేసి 150 కొట్టేది పెట్టారు. ఎన్నొస్తాయి? అదే 80! పైగా లేబులర్ ముందు సీసాలు గుట్ట పడతాయి, కన్వేయర్ నిండిపోతుంది, ఫిల్లర్ ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఫిల్లర్‌కి ఈ ఆగుడు అస్సలు పడదు. గ్యాస్ ఉన్న డ్రింక్ అయితే నురగ పొంగుతుంది, లెవెల్ తప్పుతుంది, ఆ సీసాలు పక్కకి పోతాయి. డబ్బిచ్చి మరీ తలనొప్పి కొనుక్కున్నట్టు.

సీసాల లైన్లు డిజైన్ చేసేవాళ్లు ఏం చేస్తారంటే, ఫిల్లర్‌నే కావాలని అన్నిటికంటే స్లోగా ఉంచుతారు. దానికి అటూ ఇటూ ఉన్నవి, దూరం పోయేకొద్దీ ఇంకాస్త స్పీడుగా ఉంటాయి. గ్రాఫ్ గీస్తే ఇంగ్లిష్ 'వి' అక్షరంలా వస్తుంది. ఏదో ఒకటి స్లోగా ఉండక తప్పదు కదా, అదేదో మనమే ఎంచుకుంటాం.

మరి మన లేబులర్? దాని మీద ప్లేట్ చూడండి, 120 అని ఉంది. మరి 80 ఎందుకొస్తోంది? లేబుల్ రోల్ మార్చడానికి 2 నిమిషాలు. సెన్సార్ మీద దుమ్ము. సీసాని దారిలో పట్టి ఉంచే గైడ్ వదులై సీసా వంకరగా రావడం. పది సెకన్లు ఆగితే ఆపరేటర్ చేత్తో సర్దేస్తాడు, రిజిస్టర్‌లో ఎవరూ రాయరు. అసలు దొంగలు ఇవే. (మేనేజర్లకి కొత్త మెషీన్ ముందు ఫొటో దిగడం ఇష్టం, గుడ్డ పట్టుకుని సెన్సార్ తుడిచే ఫొటో ఎవరికీ అక్కర్లేదు.)

సరే, తుడిచారు, బిగించారు, 120 వచ్చింది. పాత 100 ఫిల్లరే ఉందనుకోండి. రోల్ మార్చే 2 నిమిషాలు మిగిలాయి. అప్పుడు ఫిల్లర్ ఆగకూడదంటే మధ్యలో 200 సీసాలు నిలిచే చోటు కావాలి. దాన్నే బఫర్ అంటారు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: బఫర్ ముందే నిండి ఉంటే ఆ చోటు దండగ. ఫిల్లర్ తర్వాత ఉండే బఫర్ మామూలుగా ఖాళీగా ఉండాలి, ఫిల్లర్‌కి ముందుది మాత్రం నిండుగా ఉండాలి, వెనక మెషీన్ ఆగినా ఫిల్లర్‌కి సీసాలు అందేలా. రోల్ మార్చాక లేబులర్ 120, ఫిల్లర్ 100, అంటే నిమిషానికి 20 చొప్పున తగ్గుతూ ఆ 200 ఖాళీ అవడానికి 10 నిమిషాలు. ఆలోపే లేబులర్ ఇంకోసారి ఆగిందా, అయిపోయింది!

[తెర మీద: గడియారం]

టైమ్ లేదు, గబగబా చెప్పేస్తా. బఫర్లే లేకుండా 95 శాతం టైమ్ నడిచే మెషీన్లు పది వరసగా పెడితే, లైన్ మొత్తం నడిచేది 60, 65 శాతమే. అందుకే "ఇంకో రోబో పెడదాం" అంటే ఆగిపోయే చోటు ఇంకోటి పెట్టినట్టే. 2018లో కార్ల కంపెనీ టెస్లాలో ఆటోమేషన్ మరీ ఎక్కువ చేయడం తప్పేనని ఈలాన్ మస్కే ఒప్పుకున్నాడు. జపాన్‌లో సకిచి టొయొడా తయారుచేసిన 1924 నాటి మగ్గం, దారం తెగితే తనంతట తనే ఆగేది, అందుకే ఒక్క మనిషే చాలా మగ్గాలు చూసుకోగలిగాడు. మన లేబులర్ కూడా వంకర లేబుల్ పడితే అక్కడే ఆగాలి, వెయ్యి సీసాలకి అంటించాక కాదు.

రోల్ మార్చే 2 నిమిషాలు తగ్గించడం ఎలాగంటారా? లేబులర్ నడుస్తుండగానే కొత్త రోల్ పక్కన ఎక్కించి రెడీగా పెట్టుకోవాలి. ఆపాక చేసేది పాత రోల్ కొసకి కొత్తది అతికించడం ఒక్కటే. దీని మీద వచ్చే వీడియోలో…