స్నీక్ అటాక్‌కి దాక్కోవాల్సిన పనేంటి?

అందరికీ నమస్కారం. పాత్రలు ధరించి డైస్ వేస్తూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో రోగ్ క్లాస్ (దొంగ తరహా పాత్ర) తీసుకున్నవాళ్లు ఏదో ఒక రోజు ఈ మాట పడక తప్పదు: "నువ్వు దాక్కోలేదు కదా, స్నీక్ అటాక్ ఎలా వేస్తావు?" స్నీక్ అటాక్ అంటే రోగ్ దెబ్బకి కలిసే అదనపు డ్యామేజ్. ఆ ప్రశ్న డీఎం (ఆట నడిపించే డంజన్ మాస్టర్) నోటి నుంచి వచ్చిందంటే ఆట ఆగిపోతుంది. రూల్ బుక్ బయటికి తీస్తారు, తలా ఒకటి చెబుతారు, ఈలోగా ఓగర్ అనే రాక్షసుడి మీదకి దూకిన ఊపంతా చల్లారిపోతుంది. ఇవాళ ఆ గొడవ సంగతే మాట్లాడుకుందాం. నేను చెప్పేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్రకారం. 2024 సవరణలో మారిన ముఖ్యమైన మాట ఒకటుంది, అది మధ్యలో చెబుతాను.

రూల్ తెరిచి చూడండి, దాక్కోవాలన్న షరతు అందులో ఎక్కడా కనపడదు. వాడే ఆయుధం ఫినెస్ రకమైనా (బలంతో కాక ఒడుపుతోనూ వాడగలిగేది) కావాలి, రేంజ్డ్ రకమైనా (విల్లులా దూరం నుంచి కొట్టేది) కావాలి. దెబ్బ తగలాలి. ఆపైన ఈ రెండింటిలో ఏదో ఒకటి కుదరాలి. ఒకటి, ఆ అటాక్ రోల్‌కి (దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి వేసే డి20, అంటే ఇరవై ముఖాల డైస్) మీకు అడ్వాంటేజ్ ఉండాలి, అంటే రెండు డి20లు వేసి పెద్దది తీసుకోవాలి. లేదా, మీరు కొట్టేవాడికి ఐదడుగుల లోపు వాడి శత్రువు ఇంకొకరు ఉండాలి, ఆ ఇంకొకరు ఏమీ చేయలేని స్థితిలో పడి ఉండకూడదు, మీ రోల్‌కి డిసడ్వాంటేజ్ (రెండు వేసి చిన్నది తీసుకోవడం) ఉండకూడదు. అంతే. దాక్కుంటే అడ్వాంటేజ్ వస్తుంది కాబట్టి దాక్కోవడం మొదటి దారిలో ఒక పద్ధతి. అదొక్కటే పద్ధతి కాదు.

మరి ఈ అపోహ ఎలా పుట్టింది? పాత ఎడిషన్ల నుంచి వచ్చిందని నా అభిప్రాయం. 1978 నాటి ఏడీ అండ్ డీ (అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్)లో థీఫ్‌కి ఉన్నది బ్యాక్‌స్టాబ్. వెనక నుంచి, కనపడకుండా వచ్చి పొడవాలి; లెవెల్‌ని బట్టి డ్యామేజ్ రెండింతల నుంచి ఐదింతల దాకా పెరిగేది. 2000లో మూడో ఎడిషన్ వచ్చేసరికి థీఫ్ రోగ్ అయ్యాడు, బ్యాక్‌స్టాబ్ స్నీక్ అటాక్ అయింది, ఇంతలింతలు పోయి డి6లు, అంటే ఆరు ముఖాల డైస్, వచ్చాయి. అప్పుడు కూడా అస్థిపంజరాల మీదా, గోలెమ్‌ల (మంత్రంతో కదిలే బొమ్మల) మీదా పనిచేసేది కాదు. బాణంతో అయితే ముప్పై అడుగుల లోపే. ఐదో ఎడిషన్ ఆ అడ్డంకులన్నీ తీసేసింది. పాత ఆట ఆడి వచ్చినవాళ్లు మాత్రం వాటిని మోసుకొచ్చి కొత్త టేబుల్ మీద పెడుతుంటారు. వాళ్ల జ్ఞాపకం తప్పు కాదు, ఎడిషన్ మారిందంతే.

ఇప్పుడు ఒక ఫైట్ చూద్దాం. ఐదో లెవెల్ రోగ్, చేతిలో రేపియర్ అనే సన్నని కత్తి, అది ఫినెస్ రకం. ఎదురుగా ఓగర్. ఓగర్‌కి అటుపక్క ఫైటర్ ఆనుకుని ఉన్నాడు. రోగ్ అందరికీ కనపడేలా నడుచుకుంటూ వచ్చి పొడిచాడు, తగిలింది. ఫైటర్ పక్కనే ఉన్నాడు, డిసడ్వాంటేజ్ ఏమీ లేదు. కాబట్టి రేపియర్ డ్యామేజ్‌తో పాటు 3డి6, అంటే మూడు డి6లు. ఇంతవరకూ పేచీ లేదు.

అసలు పేచీ తర్వాత మొదలవుతుంది. ఓగర్ టర్న్ వచ్చింది. వెనకాల నిలబడ్డ విజార్డ్ మీదకి పోదామని రోగ్ పక్క నుంచి కదిలాడు. రోగ్ తన రియాక్షన్ (ఇతరుల టర్న్‌లోనూ చేయగలిగే పని) వాడి ఆపర్చునిటీ అటాక్ (పక్క నుంచి తప్పుకుపోయేవాడి మీద వేసే దెబ్బ) చేశాడు, అదీ తగిలింది. ఇప్పుడు మళ్లీ 3డి6 వేయొచ్చా?

వేయొచ్చు. రూల్‌లో ఉన్నది టర్న్‌కి ఒకసారి అని, రౌండ్‌కి (అందరి టర్న్‌లూ ఒక్కోసారి అయ్యే చుట్టుకి) ఒకసారి అని కాదు. రోగ్ టర్న్ అయిపోయింది, ఇది ఓగర్ టర్న్. పైగా ఆపర్చునిటీ అటాక్ అనేది ఓగర్ మన అందుబాటు దాటకముందే పడుతుంది, అంటే ఆ క్షణంలో ఫైటర్ ఇంకా వాడి పక్కనే ఉన్నాడు. అన్ని షరతులూ కుదిరాయి. రియాక్షన్ రౌండ్‌కి ఒకటే కాబట్టి మామూలుగా రెండుకి మించి కుదరదు, కాబట్టి డీఎంలు కంగారు పడక్కర్లేదు. మీ పార్టీలో బ్యాటిల్ మాస్టర్ రకం ఫైటర్ ఉంటే కమాండర్స్ స్ట్రైక్ అనే ఎత్తు నేర్చుకోమని ఇవాళే బతిమాలండి. అతను తన టర్న్‌లో ఒక అటాక్ వదులుకుని, బోనస్ యాక్షన్ (టర్న్‌లో చేయగలిగే చిన్న అదనపు పని) పెట్టి, మీ రియాక్షన్‌తో మీ చేత కొట్టిస్తాడు. అది అతని టర్న్, మీకు ఇంకో స్నీక్ అటాక్.

ఎక్కువమంది బోర్లాపడే ఇంకో చోటుంది. రోగ్‌కి విషం ఎక్కింది, అంటే అటాక్ రోల్స్‌కి డిసడ్వాంటేజ్. కానీ ఓగర్ నేల మీద పడి ఉన్నాడు, పక్క నుంచి పొడిస్తే అడ్వాంటేజ్. ఒకదానికొకటి చెల్లు, ఒకే డి20 వేస్తాం. "అడ్వాంటేజ్ పోయింది కాబట్టి స్నీక్ అటాక్ పోయింది" అంటారు చాలామంది. మొదటి దారి మూసుకుపోయిన మాట నిజమే. కానీ చెల్లుకు చెల్లు అయ్యాక మీ రోల్‌కి డిసడ్వాంటేజ్ కూడా లేనట్టే లెక్క. ఫైటర్ పక్కనే ఉంటే రెండో దారి తెరిచే ఉంది. డిసడ్వాంటేజ్‌కి మూడు కారణాలుండి అడ్వాంటేజ్‌కి ఒక్కటే ఉన్నా ఫలితం ఇదే. కారణాలు ఎన్నని ఈ ఆట లెక్కపెట్టదు.

పక్కన ఉండేది ఎవరు అన్నదాని మీద మాత్రం ఎడిషన్ చూసుకోండి. 2014 మాట ప్రకారం "లక్ష్యానికి శత్రువు" అయితే చాలు, మీకు స్నేహితుడు కానక్కర్లేదు. ఓగర్‌తో కొట్లాడుతున్న అడవి తోడేలు కూడా పనికొస్తుంది, అది తర్వాత మిమ్మల్ని కరిచినా సరే. 2024లో దాన్ని "మీ మిత్రుడు" అని మార్చారు. తోడేలు పాయె. విజార్డ్ గుడ్లగూబ ఫెమిలియర్ (మంత్రంతో పిలిచిన తోడు జీవి) మాత్రం రెండింట్లోనూ చెల్లుతుంది. గుడ్లగూబ స్నీక్ అటాక్ ఇప్పించడమేంటని నవ్వే డీఎంలున్నారు. నవ్వనివ్వండి, డైస్ మాత్రం వేయండి.

ఆయుధాల సంగతి క్లుప్తంగా. విసిరిన బాకుకి వస్తుంది, అది ఫినెస్ కాబట్టి. విసిరిన చేతిగొడ్డలికి రాదు. విసిరినంత మాత్రాన అది రేంజ్డ్ ఆయుధం అయిపోదు. వట్టి చేత్తో గుద్దితే రాదు. క్రిటికల్ (అటాక్ రోల్‌లో 20) పడితే స్నీక్ అటాక్ డైస్ కూడా రెట్టింపు, 3డి6 కాస్తా 6డి6.

ఇంత ఇవ్వడం అన్యాయం అనిపిస్తుందా? లెక్క చూడండి. ఐదో లెవెల్, డెక్స్‌టెరిటీ (చురుకుదనం) 18. రేపియర్ సగటు 4.5, డెక్స్‌టెరిటీ వల్ల కలిసే మాడిఫయర్ 4, 3డి6 సగటు 10.5. అన్నీ తగిలితే 19. అదే లెవెల్‌లో స్ట్రెంగ్త్ 18 ఉన్న ఫైటర్ గ్రేట్‌స్వోర్డ్‌తో రెండు దెబ్బలు కొడితే, ఒక్కోటీ 11 చొప్పున 22. స్నీక్ అటాక్ తీసేస్తే రోగ్‌కి మిగిలేది 8.5. అంటే అది పండక్కి ఇచ్చే బోనస్ కాదు, నెలనెలా రావాల్సిన జీతం. ఫైటర్‌కి రెండో అటాక్ ఇచ్చినట్టే రోగ్‌కి ఈ డైస్ ఇచ్చారు. ప్రతి రౌండూ పడతాయనుకునే ఆ క్లాస్‌ని తయారుచేశారు. "దాక్కుంటేనే ఇస్తా" అనే డీఎం తనకి తెలియకుండానే రోగ్ డ్యామేజ్‌లో సగానికి పైగా కోసేస్తున్నాడు.

రోగ్‌ని కష్టపెట్టాలనుకుంటే డీఎంకి సరైన మార్గాలు బోలెడున్నాయి. ఫైటర్ పక్కన నిలబడని శత్రువుల్ని పెట్టండి. విల్లు పట్టిన రోగ్ మీదకి ఒక గాబ్లిన్‌ని తోలండి, ఐదడుగుల లోపు శత్రువు ఉంటే బాణానికి డిసడ్వాంటేజ్. ఫైటర్‌ని స్పృహ తప్పించండి. రోగ్ ప్లేయర్ తిట్టుకుంటాడు గానీ రూల్ బుక్ మాత్రం తెరవడు.

ఇక మీ టేబుళ్ల దగ్గర తెగని పేచీలు ఏవైనా ఉంటే అడగండి.