తోటరాముడి అర్హత ఎవరు తేల్చారు?

సభకు నమస్కారం.

1951 మార్చిలో విడుదలైన ‘పాతాళభైరవి’ని మనం పింగళి నాగేంద్రరావు మాటలకూ, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణానికీ, ఎస్.వి. రంగారావు నటనకూ మెచ్చుకుంటూ వచ్చాం. ఆ మెప్పులో ఏ లోపమూ లేదు. అయితే కె.వి. రెడ్డి తీసిన ఈ జానపద ప్రేమకథ మనిషి అంతస్తు గురించి వేసిన ప్రశ్న మీద మనం తగినంత చర్చ చేయలేదని నా అభిప్రాయం.

రాజకుమారి ఇందుమతిని ప్రేమించిన తోటమాలి కొడుకు తోటరాముడు రాజభటులకు దొరికిపోతాడు. కూతురి వేడుకోలు విని ఉజ్జయిని రాజు అతని ప్రాణం తీయకుండా వదిలేస్తాడు కానీ, తనతో సమానమైన సంపద గడించి వస్తేనే పిల్లనిస్తానని షరతు పెడతాడు. ఈ షరతును కాస్త నిలిచి చూడాలి. రాజు కులగోత్రాలు అడగలేదు, ఆస్తి అడిగాడు. మద్రాసు రాష్ట్రంలో 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. 1949లో హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్లు రద్దయ్యాయి. పుట్టుకతో వచ్చిన పెత్తనానికి కాలం చెల్లుతున్న ఆ రోజుల్లో, కండబలమూ గుండెబలమూ ఉన్న పేదవాడు రాజు సరసన నిలబడగలడన్న ఆశను ఈ కథ ప్రేక్షకుల ముందు పెట్టింది. ఎన్.టి. రామారావు పోషించిన తోటరాముణ్ణి జనం తమవాడిగా అక్కున చేర్చుకోవడానికి ఆ ఆశ కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

కానీ ఆ ఆశకు చిత్రం ఒక హద్దు గీసింది. తనను బలి ఇవ్వబోయిన నేపాళ మాంత్రికుణ్ణే బలి ఇచ్చి, కోరినవన్నీ ఇచ్చే పాతాళభైరవి ప్రతిమను చేజిక్కించుకున్న రాముడు కోరింది మేడలూ సిరిసంపదలూ. అంటే రాజు పెట్టిన కొలబద్దను అతను ప్రశ్నించలేదు, దానికి సరిపోయేలా తననే మార్చుకున్నాడు. మళ్లీ ప్రాణం పోసుకున్న మాంత్రికుడు ప్రతిమను దక్కించుకుని ఇందుమతిని ఎత్తుకుపోయి, ఆ వైభవమంతా చేజారిపోయినప్పుడు మాత్రం రాముడు మళ్లీ మొదటి రాముడే అవుతాడు. ఇందుమతిని వెతుక్కుంటూ బయలుదేరేది ఆ పేదవాడే. నాకు ఈ చిత్రంలో అత్యంత విలువైన భాగం అదే.

మాంత్రికుడి పతనం కూడా ఇలాంటిదే. రాజకుమారి మెప్పు కోసం, మారువేషంలో ఉన్న రాముడి స్నేహితుడు అంజి మాటలు నమ్మి, తన శక్తులన్నిటికీ ఆధారమైన గడ్డాన్ని అతను తీయించుకుంటాడు. తన రూపాన్ని వదులుకున్న క్షణంలోనే బలాన్నీ పోగొట్టుకుంటాడు. ఇద్దరు పురుషులూ ఒక స్త్రీ కోసం తాము కానిదాన్ని తెచ్చిపెట్టుకున్నారు. ఒకరిని వీరుడిగానూ, మరొకరిని దుష్టుడిగానూ మనం గుర్తుపెట్టుకున్నాం.

ఇక్కడే నా ప్రధానమైన అభ్యంతరం ఉంది. ఇద్దరు మనుషుల ప్రేమకు అడ్డుగా నిలిచిన మొదటి వ్యక్తి రాజు. కథ సాగేకొద్దీ ప్రేక్షకుడి కోపమంతా దూరదేశం నుంచి వచ్చిన మాంత్రికుడి మీదికి మళ్లుతుంది. ఇంట్లో ఉన్న అన్యాయం తప్పుకుంటుంది. కె. మాలతి పోషించిన ఇందుమతి అయితే మేడ లేనప్పుడే రాముణ్ణి వరించింది. ఆమె దృష్టిలో అతనికి లోటంటూ ఏదీ లేదు. మాంత్రికుడికి శిక్ష పడింది గానీ, ఆమె తీర్పును పక్కనపెట్టి ప్రేమకు వెలకట్టిన తండ్రిని మాత్రం చివరిదాకా ఎవరూ నిలదీయలేదు.