వైరాగ్యమా, అలకా? మనస్తత్వశాస్త్రం, ఆధ్యాత్మికత, తోటి మనుషులు

సభకు నమస్కారం.

చాలా ఏళ్ల క్రితం నాకూ మా అన్నయ్యకూ మధ్య మాట పట్టింపు వచ్చి, దాదాపు రెండేళ్లపాటు నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. అప్పటికే ప్రతిరోజూ ఉదయం గంటసేపు ధ్యానం చేసే అలవాటు ఉండడం వల్ల, ఆ దూరానికి ఒక గౌరవప్రదమైన పేరు సులువుగానే దొరికింది. బంధాల మీద నాకు వైరాగ్యం కలుగుతోందని అనుకున్నాను. ఒక చిన్న బృందంలో ఈ సంగతి కాస్త గర్వంగానే చెప్పుకుంటున్నప్పుడు, అక్కడున్న పెద్దావిడ ఒకరు, "అది వైరాగ్యమే అయితే మీ అన్నయ్య మాట ఎత్తగానే నీ గొంతు ఎందుకు మారుతోంది నాయనా?" అని అడిగారు. నేను సమాధానం చెప్పలేకపోయాను. నాలో ఉన్నది అలక. రోజూ చేసిన ధ్యానం దాన్ని నాకు చూపించకపోగా, కప్పిపెట్టడానికే పనికొచ్చింది. ఇవాళ నేను చెప్పదలచినదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మనస్తత్వశాస్త్రం ఒక దారిలోనూ ఆధ్యాత్మికత మరొక దారిలోనూ మనసును శోధిస్తాయి గాని, ఆ శోధనలో తేలినది నిజమో కాదో తోటి మనుషుల మధ్యకు వచ్చాకే తెలుస్తుందన్నది నా అభిప్రాయం.

ఈ రెండింటి మధ్య రాకపోకలు కొత్తవేమీ కావు. 1901, 1902 సంవత్సరాల్లో ఎడింబరోలో ఇచ్చిన ఉపన్యాసాల్లో అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్, మతానుభవం విలువను అది ఎక్కణ్ణుంచి పుట్టిందన్న దాన్ని బట్టి గాక, మనిషి బతుకులో ఏ ఫలితాన్నిచ్చిందన్న దాన్ని బట్టి అంచనా వేయాలని వాదించారు. పాతికేళ్ల తరువాత ఫ్రెంచ్ రచయిత రొమా రోలా, హద్దులు లేని సముద్రాన్ని తలపించే ఒక అనుభూతే మతానికి మూలమని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్‌కు ఉత్తరం రాస్తే, అటువంటిది తనలో వెతికినా కనబడలేదని ఫ్రాయిడ్ 1930లో నిర్మొహమాటంగా రాశారు. ఫ్రాయిడ్ నిర్ణయంతో నేను ఏకీభవించను గాని ఆ నిజాయితీ మాత్రం నాకు ఇష్టం. లేని అనుభూతిని ఉన్నట్టు చెప్పుకునే అలవాటు సాధకుల్లో ఎక్కువ.

ఆ అలవాటుకు 1980 దశకంలో జాన్ వెల్‌వుడ్ ఒక పేరు పెట్టారు. ఆయన అమెరికాలో మనోచికిత్సకులు, స్వయంగా బౌద్ధ సాధకులు కూడా. తన చుట్టూ ఉన్న సాధకుల్లోనూ తనలోనూ గమనించినదాన్ని ఆయన స్పిరిచువల్ బైపాసింగ్ అన్నారు. ఊళ్లోని ఇరుకు సందులను తప్పించుకుని బయటినుంచే దాటిపోయే బైపాస్ రోడ్డు మనకు తెలుసు. దుఃఖం, కోపం, చిన్ననాటి అవమానం, ఒకరి ప్రేమ కావాలన్న తహతహ, ఇవన్నీ ఉన్న సందుల్లోకి అడుగుపెట్టకుండా ధ్యానం, జపం, వేదాంతం అనే రోడ్డు మీదుగా మోక్షానికి చేరిపోవాలనుకోవడం కూడా అటువంటిదే. తండ్రి పోయిన మూడో రోజునే అంతా దైవేచ్ఛ అంటూ నిబ్బరంగా తిరిగిన మనిషి, ఏడాది గడిచాక గ్లాసు పగిలినందుకు ఇంట్లో వాళ్ల మీద విరుచుకుపడితే, ఆ కోపం గ్లాసు గురించి కాదని చుట్టుపక్కలవాళ్లకు తెలుస్తుంది, ఆయనకు తప్ప. ఆయన నమ్మకం అబద్ధమని నేను అనడం లేదు. ఏడవవలసిన ఏడుపుకు బదులుగా దాన్ని వాడుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. క్షమ విషయంలోనూ ఇదే జరుగుతుంది. కోపం వచ్చిందని ఒప్పుకోని మనిషి ప్రకటించే క్షమ, కొన్నాళ్లకు ఎత్తిపొడుపుగా బయటపడుతుంది.

మనస్తత్వశాస్త్రానికీ తనదైన దొడ్డిదారి ఉంది. గాయాన్ని గుర్తించడం, దాని మూలాన్ని తెలుసుకోవడం, హద్దులు పెట్టుకోవడం నేర్పిన ఆ శాస్త్రం, కొందరి చేతుల్లో తమ గురించి తాము అంతులేకుండా మాట్లాడుకునే కళగా మారిపోయింది. ఎదుటివాళ్లు అడిగిన ప్రతి సాయమూ తమ హద్దుల మీద దాడిగా తోచే మనుషులను మీరూ చూసే ఉంటారు. 1943లో, ఆకలిదప్పుల నుంచి మెట్లుమెట్లుగా పైకి వెళ్లే మానవ అవసరాల క్రమాన్ని ప్రతిపాదించిన మనస్తత్వవేత్త ఏబ్రహాం మాస్లో, తనలోని సామర్థ్యాన్ని పూర్తిగా వికసింపజేసుకోవడాన్ని దానికి శిఖరంగా నిలిపారు. ఆయనే తన చివరి సంవత్సరాల్లో ఆ శిఖరం సరిపోదని గ్రహించి, తనను తాను దాటి వెళ్లడం అనే మరొక మెట్టు గురించి రాశారు. అయినా పాఠ్యపుస్తకాల్లో చాలావరకు పాత బొమ్మే మిగిలిపోయింది.

ఈ రెండు దొడ్డిదారులనూ మూసిన ఒక ప్రయోగం చాలా సాదాసీదా పరిస్థితుల్లో పుట్టింది. మద్యం మానలేకపోతున్న రోలండ్ హజార్డ్ అనే అమెరికన్, మనోవిశ్లేషకులు కార్ల్ యుంగ్ దగ్గర చికిత్స పొంది కూడా మళ్లీ తాగుడులో పడ్డారు. ఇక వైద్యంతో అయ్యేది లేదనీ, లోతైన ఆధ్యాత్మిక అనుభవం కలిగితే తప్ప ఆశ లేదనీ యుంగ్ ఆయనకు దాపరికం లేకుండా చెప్పారు. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పాకి బిల్ విల్సన్‌ను చేరింది. 1935లో విల్సన్ వ్యాపారం పని మీద ఆక్రన్ నగరానికి వెళ్లి, ఆ పని చెడిపోయి, తాగాలన్న కోరిక ముంచుకొస్తున్న సమయంలో, తనలాగే తాగుడుకు బానిసైన మరొక మనిషి కోసం ఫోన్ల మీద ఫోన్లు చేశారు. అలా కలిసినవారే శస్త్రవైద్యులు బాబ్ స్మిత్. ఇక్కడ నేను ప్రతిసారీ ఆగిపోయే సంగతి ఒకటుంది: విల్సన్ వెళ్లింది స్మిత్‌ను ఉద్ధరించడానికి కాదు, ఆ పూట తాను తాగకుండా ఉండడానికి. ఇద్దరూ తమ ఓటమిని ఒకరికొకరు చెప్పుకున్న ఆ సంభాషణ నుంచే, మద్యం మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం మొదలైంది. అక్కడ తన తప్పుల జాబితా రాసుకోవడమూ ఉంది, తనకన్నా పెద్దదైన శక్తికి తలవంచడమూ ఉంది, ఆ తప్పులను మరొక మనిషి ఎదుట ఒప్పుకోవడమూ ఉంది. ఇది కేవలం నమ్మకం మీద నడిచే వ్యవహారమని కొట్టిపారేయడం కూడా కుదరదు. వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను పరిశీలించి 2020లో వెలువరించిన సమీక్ష, పూర్తిగా మద్యం మానడంలో ఈ పద్ధతిలోకి ప్రవేశపెట్టే చికిత్సలు ఇతర ప్రామాణిక చికిత్సల కన్నా మెరుగైన ఫలితం ఇచ్చాయని తేల్చింది.

1961 జనవరిలో, తన మరణానికి కొద్ది నెలల ముందు, యుంగ్ విల్సన్‌కు ఒక జవాబు రాశారు. మద్యం కోసం పడే దాహం, సంపూర్ణత కోసం ఆత్మ పడే దాహానికే కింది స్థాయి రూపమని అందులో అన్నారు. మనిషిని కాపాడేవిగా అక్కడ ఆయన పేర్కొన్నవి నిజమైన మతపరమైన అంతర్దృష్టి, మానవ సముదాయం అనే రక్షణ గోడ. జీవితమంతా ఒంటరి మనసు లోతుల్లోకి దిగిన మనిషి చివరి ఉత్తరాల్లో సముదాయాన్ని గోడతో పోల్చడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

ఒంటరి సాధనకు ప్రమాణగ్రంథంగా చాలామంది భావించే పతంజలి యోగసూత్రాల్లోనూ ఇటువంటి సూచనే ఉంది. చిత్తం తేటపడడానికి మొదటి పాదంలో ఆయన చెప్పిన ఉపాయాల్లో మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగూ ఎదుటి మనిషిని ఆశ్రయించి ఉన్నవే. సుఖంగా ఉన్నవారితో స్నేహం, బాధలో ఉన్నవారి మీద దయ, మంచి చేసినవారిని చూసి సంతోషం, చెడు చేసినవారి పట్ల ఉదాసీనత. వీటిలో నాకు అన్నిటికన్నా కష్టమైనది మూడోది. దుఃఖంలో ఉన్న స్నేహితుడి పక్కన కూర్చోగలను. అతని విజయాన్ని విన్నప్పుడు లోపల ఏదో చివుక్కుమంటుంది. ఆ చివుక్కుమనడాన్ని గమనించడం మనస్తత్వశాస్త్రం పని అయితే, దాన్ని ముదితగా మలచుకోవడం సాధన పని. అతను ఎదురుగా ఉంటే తప్ప ఈ రెండు పనులకూ అవకాశమే రాదు.

ఇక సముదాయం మాట. పది మంది ఒకచోట చేరి చిరునవ్వులు పంచుకున్నంత మాత్రాన అది ఏర్పడదు. మనోవైద్యులు స్కాట్ పెక్ 1987లో ప్రచురించిన పుస్తకంలో, సముదాయంగా మారే బృందాలు సాధారణంగా నాలుగు దశలు దాటుతాయని వివరించారు. మొదటిది నటన: అందరూ మర్యాదగా ఉంటారు, భేదాలు లేనట్టే మాట్లాడతారు. రెండోది గందరగోళం: భేదాలు బయటపడి, ప్రతివారూ ఎదుటివారిని మార్చాలని, బాగుచేయాలని చూస్తారు. ఈ దశలో భయపడి చాలా బృందాలు కమిటీలు వేసుకుని, నియమావళి రాసుకుని మళ్లీ నటనలోకి వెళ్లిపోతాయి. మూడోదాన్ని పెక్ శూన్యత అన్నారు: ముందే చేసుకున్న నిర్ణయాలను, సలహా ఇవ్వాలన్న తొందరను, పెత్తనం చేయాలన్న కోరికను ఒక్కొక్కటిగా వదులుకోవడం. ఆ వదులుకోవడం జరిగాకే నాలుగోది, నిజమైన సముదాయం, వస్తుంది. మూడో దశ పేరు ధ్యానసంప్రదాయాలకు ఎంత దగ్గరగా ఉందో గమనించండి. ఏకాంతంలో సాధకుడు నేర్చుకునే నిశ్శబ్దం, బృందంలో నోటిదాకా వచ్చిన సలహాను మింగుకోవడంగా మారుతుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు, భ్రమలు ఉన్న మనిషికి కావలసింది వైద్యుడు. బృందం ఆయనకు తోడుగా వెళ్లగలదు గాని వైద్యుడి స్థానంలో కూర్చోకూడదు. రెండోది, ఎవరినీ తమ గాయం విప్పి చూపమని ఒత్తిడి చేయకూడదు. నాయకుణ్ణి ప్రశ్నించే వీలు లేనిచోట, చెప్పిన రహస్యాలు చెప్పినవారి మీదే ఆయుధాలయ్యేచోట, ప్రశాంతమైన ముఖాలు ఎన్ని కనిపించినా అక్కడినుంచి లేచి రావడమే మంచిది.

నా ప్రసంగం ఇంతే. మీకు అభ్యంతరం లేకపోతే, మిగిలిన అరగంటలో కుర్చీలు తిప్పుకుని ఇద్దరిద్దరుగా కూర్చుందాం. ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడతారు, లేదా మౌనంగా ఉంటారు. రెండోవారు సలహా ఇవ్వకుండా, నాకూ అలాగే జరిగిందనకుండా వింటారు. తరువాత వంతులు మార్చుకుంటాం. ఎదుటివారి కళ్లలో నీళ్లు తిరిగితే వెంటనే రుమాలు అందించకండి. చాలాసార్లు దాన్ని ఇక ఆపమన్న సంకేతంగా తీసుకుంటారు. వాళ్లు చెయ్యి చాచి అడిగినప్పుడు ఇవ్వండి.