బయల్దేరే ముందు చూసిన పటం

శ్రోతలకు నమస్కారం.

మన జానపద కథల్లో దారి నోటిమాటగా దొరుకుతుంది. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు, దాని తొర్రలో చిలుక, ఆ చిలుకలో మాంత్రికుడి ప్రాణం. పేదరాశి పెద్దమ్మ చెబుతుంది, రాజకుమారుడు బయల్దేరతాడు. ఇంగ్లీషు అద్భుత కథల్లో మాత్రం పుస్తకం తెరవగానే పటం కనిపించడం ఆనవాయితీ అయింది. అందులో ఇంగ్లీషు రచయిత టోల్కిన్‌ది పెద్ద వాటా. ముందు పటంతో మొదలుపెట్టి కథను దానికి సరిపెట్టానని 1954లో రాసిన ఒక ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నారు. ఆ ఏడాదే ఆయన నవల 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' తొలి భాగం వచ్చింది. అందులోని మడతల పటం గీసింది ఆయన కొడుకు క్రిస్టఫర్. ఎవరు ఏ రోజు ఎంత దూరం నడిచారో, ఆ రాత్రి చంద్రుడు ఎలా ఉన్నాడో కూడా టోల్కిన్ లెక్క చూసుకున్నారు.

అయితే ఆ పటం ఉన్నది చదివే మన చేతిలో. లోపల నడిచేవాళ్ల సంగతి వేరు.

అంతకుముందు 1937లో వచ్చిన ఆయన నవల 'హాబిట్'లో ప్రయాణికుల దగ్గరే పటం ఉంటుంది. థోరిన్ అనే మరుగుజ్జు వీరుడి తాతగారిది అది. కొండకు రహస్య ద్వారం ఉందని చూపిస్తుంది, కానీ తాళం కన్నం ఎప్పుడు కనపడుతుందో పైకి తెలియదు. ఆ సంగతి వెన్నెల అక్షరాల్లో ఉంది. రాసిన రాత్రి ఏ రుతువో, చంద్రుడు ఏ ఆకారంలో ఉన్నాడో, మళ్లీ అదే రుతువులో, అదే ఆకారంలో చంద్రుడు వెనక నుంచి వెలుగిస్తేనే అవి కనిపిస్తాయి. దారిలో ఆగిన రివెండెల్ అనే లోయలో, ఆ ఇంటి పెద్ద ఎల్రాండ్ ఆ పటాన్ని వెన్నెలకు ఎత్తి పట్టి చూడబట్టి సరిపోయింది. అన్నాళ్లూ దగ్గరే ఉన్న పటంలో అసలు మాట ఎవరికీ కనపడలేదు.

తరవాతి కథ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో పటాలన్నీ ఎల్రాండ్ ఇంట్లోనే ఉండిపోతాయి. బయల్దేరే ముందు వాటిని చూసే వ్యవధి ప్రయాణికులందరికీ దొరికింది. తీరా దారిలో ఎదురుగా కొండలు కనపడగానే, మనం తూర్పుకు తిరిగామా అని వాళ్లలో కుర్రవాడు పిప్పిన్ అడుగుతాడు. ఎల్రాండ్ ఇంట్లో అన్ని పటాలుంటే చూడాలని తోచలేదా అంటాడు వాళ్లను నడిపించే మాంత్రికుడు గాండాల్ఫ్. చూశాను గానీ గుర్తులేదంటాడు పిప్పిన్. పక్కనే ఉన్న మరుగుజ్జు వీరుడు గిమ్లీకి పటం అవసరమే లేదు. ఆ శిఖరాలను అతను అంతకుముందు దూరం నుంచి ఒక్కసారే చూశాడు. అయినా అతని జాతివాళ్లు వాటి రూపాన్ని లోహంలో, రాతిలో తరతరాలుగా చెక్కుతూ వచ్చారు. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ తరవాత వస్తుంది. ఓర్కులనే రాక్షస సైనికుల చెరనుంచి పిప్పిన్, అతని స్నేహితుడు మెర్రీ చీకట్లో పాకుతూ తప్పించుకుంటారు. చేతిలో కత్తి లేదు, పటం లేదు. పిప్పిన్‌కు ఎక్కడున్నామో తెలియదు. మెర్రీ మాత్రం రివెండెల్‌లో తీరిక సమయాన్ని పటాల మీద పెట్టినవాడు. ఇదిగో ఈ నది ఫలానాది, ఎదురుగా ఉన్నవి పొగమంచు కొండల చివర, ఆ అడవి ఫాంగోర్న్ అని చెప్పేస్తాడు. ఆ అడవికి వెళ్లొద్దన్న హెచ్చరిక కూడా అతనికి గుర్తుంది. వెనక యుద్ధం జరుగుతోంది కాబట్టి, తెలిసే లోపలికి నడుస్తాడు. దుష్ట మాంత్రికుడి కోట ఐజెన్‌గార్డ్ పతనానికి దారి అక్కడే తెరుచుకుంటుంది.

తెలుగులో అద్భుత కథలు రాస్తున్న యువ రచయితలకు నాదొక మనవి. పుస్తకం ముందు పటం ఎంత అందంగా వేసినా సరే, మీ పాత్రలకు కూడా ఒక సాయంత్రం దాన్ని చూసే అవకాశం ఇవ్వండి. ఎవరు శ్రద్ధగా చూశారో, ఎవరు ఆవులించారో రాయండి. ఆ తేడా వంద పేజీల తరవాత ప్రాణం మీదకు రావాలి.

అదే ప్రయాణంలో ఉన్న ఫ్రోడో విషయంలో అదే జరిగింది. శత్రువైన చీకటి ప్రభువు రాజ్యం మోర్డోర్ నేల మీద, ఇంకా ఎంత దూరమని తోడుగా వచ్చిన శామ్ అడిగితే ఫ్రోడోకు సరైన జవాబు లేదు. రివెండెల్‌లో చూసిన పటం చీకటి ప్రభువు తిరిగి రాకముందు గీసింది, అదీ లీలగానే గుర్తుంది. ఉత్తరాన రెండు కొండల వరసలు దాదాపు కలిసే చోటు ఒకటుందన్నది మాత్రం బాగా జ్ఞాపకం. అక్కడికి చేరినా వాళ్లు వెళ్లాల్సిన అగ్నిపర్వతం ఇంకో 60 మైళ్లు ఉంటుందని, అన్నీ కలిసొచ్చినా వారంలోపు చేరలేమని లెక్క కడతాడు. నీళ్లు అన్నాళ్లు రావు, తిండీ అంతే. అయినా ఇద్దరూ ఆ చోటు వైపే నడిచారు.