మన ఊరి కప్ప

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కుదురు లేకుండా కూర్చున్న పిల్లలకు నమస్కారం.

'అండమాన్‌లో మన తెలుగు' గురించి పది నిమిషాలు మాట్లాడమని సంఘం వాళ్ళు అడిగారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చిన మన పెద్దల కథ మీలో ప్రతి ఇంటికీ తెలిసిందే. నా మనసులో మాత్రం వేరే సంగతి చాలా ఏళ్ళుగా ఉంది. ఈరోజు చెప్పేస్తాను. అది ఒక కప్ప గురించి. పిల్లలు నవ్వుతున్నారు. నవ్వండమ్మా, కానీ వినండి.

మా దొడ్లో చిన్న చెరువు తవ్వించి, మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన బొచ్చె, శీలావతి పిల్లలు కొన్నాను. ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో వచ్చాయి. చెరువులో వదులుతుంటే మెరిసే చేపపిల్లల మధ్య పెద్ద తల, సన్న తోక ఉన్నవి కొన్ని కనిపించాయి. తోకకప్పలు. పనివాడు "తీసెయ్యమంటారా?" అని అడిగాడు. "పోనీలే, ఏం చేస్తాయి" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

రెండు వానాకాలాలు గడిచాయి. మే నెలాఖరు, తొలి వాన పడిన రాత్రి. మా అమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. "ఒరే, విన్నావా? మన ఊరి కప్పలురా!" అంది. బోదురు కప్పలు. పసుపు పచ్చగా మారిన మగకప్పలు, గొంతు కింద నీలం సంచులు ఉబ్బించి అరుస్తున్నాయి. అమ్మకి నారుమళ్ళు గుర్తొచ్చాయి, వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. తెల్లారేదాకా నిద్రపోలేదు. ఆ చెరువు జోలికి ఎవరూ వెళ్ళొద్దని పిల్లలకి గట్టిగా చెప్పాను. అమ్మ సంతోషం అది.

ఆ తర్వాతి ఏడు కోడిపిల్లలు తగ్గడం మొదలైంది. పిల్లి అనుకున్నాం. ఒక సాయంత్రం మా అమ్మాయి కేక వేసింది. వెళ్ళి చూస్తే కప్ప నోట్లోంచి కోడిపిల్ల కాళ్ళు బయటికి ఉన్నాయి.

కోడిపిల్ల పోతే ఇంకోటి కొనుక్కుంటాం. నా బాధ దాని గురించి కాదు. అంతకుముందు ఆ గుంట దగ్గర గోరంత చిన్న కప్పలు ఉండేవి, ఇక్కడివి. వాటి గొంతు ఇప్పుడు లేదు. ఎప్పుడు ఆగిపోయిందో కూడా నేను గమనించలేదు.

ఇది నా దొడ్లో మాత్రమే జరిగింది కాదు. బోదురు కప్పల తోకకప్పలతో కలిపి పెంచితే ఈ దీవుల కప్పల పిల్లలు ఒక్కటీ బతకలేదని శాస్త్రవేత్తలు 2019లో ప్రచురించారు. ఒక్క ఆడ బోదురు కప్ప వేలల్లో గుడ్లు పెడుతుంది. ఇంక లెక్క మీరే వేసుకోండి.

మెయిన్‌ల్యాండ్‌లో బోదురు కప్ప మన రైతు నేస్తం. పురుగుల్ని తింటుందని తెలిసే 1987లో కప్పకాళ్ళ ఎగుమతిని ప్రభుత్వం ఆపేసింది. అక్కడ దాన్ని తినే పాములూ పక్షులూ ఉన్నాయి, దానితో పాటు బతకడం నేర్చిన కప్పలూ ఉన్నాయి. ఇక్కడి కప్పలకి అది ఎవరో తెలియదు.

అసలు దీవిలో కప్ప ఉండటమే గొప్ప. లిటిల్ అండమాన్‌లో ట్యాగ్ కట్టిన తోలు తాబేలు ఒకటి ఆఫ్రికా తీరం దాకా ఈదింది. కప్ప అలా పోలేదు. అది చర్మంతో నీళ్ళు పీల్చుకునే జీవి, ఉప్పునీళ్ళు పడితే ఒంట్లో తడి ఆరిపోయి చస్తుంది. అందుకే ఇక్కడి కప్పలు తరతరాలుగా ఇక్కడే ఉండి వేరే జాతులయ్యాయి. మన అరటిచెట్ల మీద పగటిపూట తిరిగే ఎర్రచుక్కల పచ్చబల్లి చూశారు కదా? దాని చుట్టాలు మడగాస్కర్ వైపు ఉన్నాయి, మధ్యలో మహాసముద్రం. అలాంటి చోటు ఇది.

ఇంకొక్క కప్ప గురించి చెప్పి ముగిస్తాను. టైమ్ అయిందని చీటీ వచ్చింది, ఒక్క నిమిషం. చార్లెస్ డార్విన్ పేరు పెట్టిన అండమాన్ కప్ప ఉంది. చెట్టు తొర్రలో నిలిచిన వాననీటి పైన, తొర్ర గోడకి ఆలుమగలు రెండూ తలకిందులుగా వేలాడి గుడ్లు పెడతాయి. గుడ్లు పగిలి పిల్లలు కింద నీళ్ళలో పడతాయి. తొర్రలున్న పెద్దచెట్లు తగ్గిన చోట అవి నర్సరీ మొక్కల ప్లాస్టిక్ సంచుల్లో, అడవిలో మనం పారేసిన డబ్బాల్లో గుడ్లు పెడుతున్నాయి. 2024లో ఆ సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అమ్మ పోయి మూడేళ్ళయింది. బోదురు కప్పల అరుపు వింటే నాకిప్పటికీ అమ్మ గుర్తొస్తుంది, నిజమే. అయినా ప్రతి వానాకాలం రాత్రి టార్చి పట్టుకుని వాటిని ఏరుతున్నాను. ఇంకా అయిపోలేదు.

మీలో చేపల చెరువులున్నవాళ్ళు చేతులెత్తండి. ఒకటి, రెండు... పదకొండు మంది. బాబూ, ఈ ఏడు చేపపిల్లల సంచి తిన్నగా చెరువులో విప్పకండి. ముందు తెల్ల టబ్బులో పొయ్యండి. తోకకప్ప కనిపిస్తే తీసెయ్యండి, పక్క కాలవలో మాత్రం వదలకండి. టబ్బులు రెండు కొని బయట అరుగు మీద పెట్టాను, సన్నవల కూడా ఉంది. వానలకి ఇంకా నెలన్నర టైముంది. భోజనాలయ్యాక పదకొండు మందీ నా దగ్గరికి రండి, ఎవరికి ఎప్పుడు కావాలో రాసుకుంటాను.