పాత వెండి టీపాట్, పింగాణీ టీ సెట్: కొనే ముందు, అమ్మే ముందు బోర్లించి చూడండి

నమస్కారమండీ. పాత వెండి టీపాట్ ఇంట్లో బయటపడిందంటే మనవాళ్ళు చేసే మొదటి పని దాన్ని తళతళలాడేలా తోమడం, రెండోది సంచిలో వేసుకుని వెండి కొట్టుకి పట్టుకెళ్ళి తూకం వేయించడం. ఈ రెండూ కాస్త ఆపండి. తోమితే ముద్రలు అరిగిపోతాయి, తూకానికి ఇస్తే కొట్లో కరిగించేస్తారు, కరిగాక అది విక్టోరియా కాలం నాటిదైనా మొన్న చేసిందైనా ఒకటే, ఉత్త వెండి ముద్ద. అసలు అది వెండో కాదో, ఎక్కడిదో, ఏ కాలానిదో ఇంట్లో కూర్చునే చాలావరకు తేల్చుకోవచ్చు. ఒక భూతద్దం, సెల్‌ఫోన్ టార్చి, వంటింట్లో వాడే డిజిటల్ కాటా, గిన్నెడు నీళ్ళు, కాస్త దారం ఉంటే చాలు.

మన గోదావరి జిల్లాల్లో ఈ సామాన్లేంటి అనుకోకండి, చాలానే ఉన్నాయి. మండువా లోగిళ్ళు పడగొట్టి డాబాలు కడుతున్నారు కదా, టేకు దూలాలకీ గుమ్మాలకీ బేరగాళ్ళు ముందే వచ్చేస్తారు, అటక మీద సామాన్లు, గాజు బీరువాలో పింగాణీ మాత్రం ఎవరికీ పట్టవు, చివర్న పాత సామాన్ల బండికి పోతాయి. అప్పట్లో మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం, మంచి వెండి మద్రాసు నుంచి వచ్చేది. కాకినాడ రేవు నుంచి ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళినవాళ్ళు వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెల్లో జపాను కప్పులు, హాలండు పళ్ళేలు తెచ్చుకున్నారు. యానాం అయితే 1954 దాకా ఫ్రెంచివాళ్ళదే. ఇంకో మాట, ఇది నా అభిప్రాయం: మన దగ్గర టీ సెట్లు అంత చెక్కుచెదరకుండా దొరకడానికి కారణం వాటిలో ఎవరూ టీ తాగకపోవడమే. ఇంట్లో కాఫీ, అదీ ఇత్తడి గ్లాసుల్లో. ఏ కలెక్టరు గారో వస్తేనే ఆ సెట్టు కిందికి దిగేది.

సరే, పనిలోకి వద్దాం. బాబీ, కెమెరా కిందికి దించి ఇలా దగ్గరికి రా. ఇదిగోండి, ఈ టీపాట్ బోర్లిస్తున్నాను. అడుగున నాలుగు చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, పాతకాలపు మెలికల రాతలో కనిపిస్తున్నాయా? దూరం నుంచి చూస్తే అచ్చం ఇంగ్లీషు హాల్‌మార్కులాగే ఉంటుంది. అలా కనిపించాలనే అలా కొట్టారు కూడా. కానీ చదివితే ఈ.పీ.ఎన్.ఎస్. అంటే నికెల్ సిల్వర్ మీద కరెంటుతో వెండి పూత. నికెల్ సిల్వర్ అంటే మనం జర్మన్ సిల్వర్ అంటామే, పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టులిస్తారు, అదే. రాగి, నికెల్, జింకు, అంతే, అందులో వెండి వీసమెత్తు ఉండదు. ఈ పూత పద్ధతికి బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్ళు 1840లో పేటెంట్ తీసుకున్నారు, ఆ తర్వాత మధ్యతరగతి ఇళ్ళలోకి కూడా వెండిలా మెరిసే సెట్లు వచ్చేశాయి. ఏ1 అని ఉన్నా అది పూత నాణ్యతే తప్ప వెండి నాణ్యత కాదు. ఇది చెత్త వస్తువని నేననడం లేదు. పాత ఎల్కింగ్టన్ పూత సెట్టు అందంగా ఉంటే సంతోషంగా కొనుక్కోండి, కానీ వెండి రేటు ఇచ్చి కొనకండి.

నిజమైన ఇంగ్లీషు వెండికి నడుస్తున్న సింహం బొమ్మ ఉంటుంది, ఎడమవైపుకి తిరిగి ముందుకాలు ఒకటి ఎత్తి. సింహం ఉందంటే స్టెర్లింగ్, వెయ్యికి 925 పాళ్ళు వెండి. పక్కన, వెండిని పరీక్ష చేసి ముద్ర కొట్టిన ఊరి గుర్తు: చిరుతపులి తల అయితే లండన్, లంగరు అయితే బర్మింగ్‌హామ్, కిరీటం అయితే షెఫీల్డ్, కోట అయితే ఎడిన్‌బరో, ఎడిన్‌బరోకి మాత్రం సింహం బదులు వేరే గుర్తు వాడేవారు. ఇంకో గడిలో ఒక అక్షరం, అది ఏ ఏడాది పరీక్ష చేశారో చెబుతుంది, అయితే ఊరు ఊరికీ అక్షరాల వరస వేరు, పైగా అక్షరం అచ్చు ఎలా ఉంది, చుట్టూ డాలు ఏ ఆకారంలో ఉంది అనేది కూడా చూడాలి, అందుకే ముందు ఊరు తేల్చుకుని తర్వాతే ఆ ఊరి అక్షరాల పట్టిక తెరవండి. వీటితో పాటు రాజుగారిదో రాణిగారిదో తల కూడా కొట్టి ఉంటే, అది పన్ను కట్టినట్టు గుర్తు, 1784 నుంచి 1890 దాకానే వాడారు. అలా తల ఉన్న టీపాట్ దొరికితే వెంటనే మొహం వెలిగిపోనివ్వకండి, బేరం అక్కడే చెడిపోతుంది!

అడుగు ఒక్కటే చూసి ఊరుకోకూడదు. మూత తీసి లోపలివైపు కూడా సింహం ఉందో లేదో చూడండి. విడిగా వచ్చే ప్రతి ముక్క మీదా ఎంతో కొంత ముద్ర ఉండాలి. సెట్టు అయితే టీపాట్, పాల జగ్గు, చక్కెర గిన్నె మూడింటి అక్షరాలూ పోల్చండి. టీపాట్ ఒక ఏడాదిది, జగ్గు ముప్ఫై ఏళ్ళ తర్వాతది అయితే అది ఎవరో జతకలిపిన సెట్టు. తప్పేం లేదు, ధర మాత్రం అసలు సెట్టు ధర కాదు.

ఇప్పుడు మనవాళ్ళకి ఎక్కువగా తగిలే చిక్కు. ఇక్కడ చేసిన వెండి మీద సింహమూ ఉండదు, లంగరూ ఉండదు, ఎందుకంటే బ్రిటిష్ ఇండియాలో అలా ప్రభుత్వం పరీక్ష చేసి ముద్ర కొట్టే ఏర్పాటు లేదు. చేసినవాడి పేరే ముద్ర. మద్రాసు మౌంట్ రోడ్డు పి. ఓర్ అండ్ సన్స్ వాళ్ళ పేరు మన వైపు కనిపించడానికి ఎక్కువ అవకాశం. దేవుళ్ళ బొమ్మలు ఉబ్బెత్తుగా కొట్టిన స్వామి సిల్వర్ అనే పనితనానికి మద్రాసు పెట్టింది పేరు. కలకత్తా అయితే హామిల్టన్, కుక్ అండ్ కెల్వీ. ఇక గుజరాత్ కచ్‌లోని భుజ్‌లో ఊమెర్సీ మావ్‌జీ అనే వెండి పనివాడు చేసిన వస్తువు అయితే సన్నటి లతల పని అడుగు దాకా అల్లుకుపోయి ఉంటుంది, అడుగున ఓ.ఎమ్., భుజ్ అని కొట్టి ఉంటుంది, దాన్ని తూకానికి అమ్మడమంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఏ పేరూ లేకుండా ఊళ్ళో కంసాలి చేసినవీ ఉంటాయి. అప్పటి రూపాయి బిళ్ళలో పన్నెండింట పదకొండు వంతులు వెండి ఉండేది, 1940 దాకా, ఆ బిళ్ళలే కరిగించి సామాన్లు చేయించుకునేవాళ్ళు. ముద్ర లేదు కాబట్టి వెండి కాదు అనుకుంటే ఇక్కడే దెబ్బ తింటారు.

మరి ముద్ర లేనిదాన్ని ఎలా తేల్చాలి? కంసాలి దగ్గరికెళ్తే గీటురాయి మీద గీస్తాడు, పూత సామాను అయితే పైన గీసినప్పుడు వెండే కనిపిస్తుంది. టంచ్, అంటే వెండి స్వచ్ఛత, చూసే మెషీన్ కూడా పై పొరనే చదువుతుంది, పూత మందంగా ఉంటే అది కూడా మోసపోతుంది. అందుకని నేను నీళ్ళతో చూస్తాను. బాబీ, కాటా మీద అంకెలు కనిపించేలా పెట్టు.

ఈ చక్కెర గిన్నె తీసుకుందాం. దీనికి చెక్క పిడి లేదు, లోపల బోలుగా ఉన్న భాగం లేదు, అందుకే ఇది ఎంచుకున్నాను. ముందు మామూలుగా తూచాను, 520 గ్రాములు. రాసుకోండి. ఇప్పుడు కాటా మీద వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి సున్నా కొట్టాను. చక్కెర గిన్నెకి దారం కట్టి నీళ్ళలో పూర్తిగా ముంచుతున్నాను, అడుగుకి తగలకూడదు, పక్కలకి తగలకూడదు, లోపల గాలి బుడగలు ఉంటే కాస్త వంచి వదిలించండి. చెయ్యి కదపకుండా పట్టుకుంటే కాటా మీద ఒక అంకె నిలబడుతుంది, చూడండి, 50. ఇప్పుడు 520ని 50తో భాగిస్తే 10.4. స్టెర్లింగ్ వెండి సాంద్రత ఇంచుమించు అంతే. రూపాయి వెండి అయినా ఆ దగ్గర్లోనే వస్తుంది. ఇదే బరువున్న జర్మన్ సిల్వర్ గిన్నె అయితే కాటా 60 చూపించేది, భాగిస్తే 8.7 వస్తుంది. రాగి మీద పూత అయినా తొమ్మిది దాటదు. గీతలు పడవు, యాసిడ్ అక్కర్లేదు, వస్తువు చెక్కుచెదరదు. కాకపోతే టీపాట్‌కి ఇది అంత నమ్మకంగా పనిచెయ్యదు. కొమ్ములో, బోలు పిడిలో గాలి ఉండిపోతుంది, చెక్క పిడి అయితే లెక్కే తప్పుతుంది. సెట్టులో చక్కెర గిన్నెని పరీక్షించి, మిగతావాటిని ముద్రలతో పోల్చుకోండి.

వెండి అని తేలాక కూడా డబ్బు తీయకండి, ఒళ్ళంతా చూడాలి. మూత మడతబందు వదులైందా, కొమ్ము మొదట్లో లోపలివైపు వడపోత బొక్కలు ఉన్నాయా (టీపాట్‌కి ఉంటాయి, పొడుగ్గా ఉండే కాఫీ పాట్‌కి సాధారణంగా ఉండవు, రెండిటినీ ఒకటే అన్నట్టు అమ్మేస్తుంటారు), పిడి అతికిన చోట బూడిదరంగు మాటు ఉందా. బూడిదరంగు మాటు అంటే ఎవరో సీసంతో అతికారన్నమాట, వెండి మీద అది పెద్ద లోపం, మళ్ళీ వేడి చేస్తే సీసం వెండిని తినేస్తుంది. ఇంకో చిట్కా, పక్క భాగం మీద నోటితో ఆవిరి ఊదండి. పాత యజమాని పేరు చెరిపేసిన జాడలు, అతుకులు ఆ ఆవిరిలో ఒక్క క్షణం కనిపించి పోతాయి. పేరు చెరిపిన చోట బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి వెళ్ళి బయటికి వస్తుంటే అక్కడ వెండి బాగా పలచబడిపోయిందని అర్థం.

పిడికీ ఒంటికీ మధ్య తెల్లటి బిళ్ళలు ఉంటాయి, వేడి చేతికి రాకుండా. అవి ఎముక కావచ్చు, ఏనుగు దంతం కావచ్చు. దంతం అయితే కొనడం అమ్మడం మన దేశంలో నేరం, వస్తువు ఎంత పాతదైనా సరే. అనుమానంగా ఉంటే ఆ బేరమే వద్దు.

ఇక పింగాణీ. దీనికి తూకం గోల లేదు, చెవీ టార్చీ చాలు. కప్పుని అడుగున రెండు వేళ్ళతో పట్టుకుని అంచుని గోటితో మీటండి. ఖంగుమని సాగితే మంచిది, టక్కుమని ఆగిపోతే ఓటి కుండే, ఎక్కడో నెర్రె ఉంది, కంటికి కనిపించకపోయినా ఉంది. తర్వాత లోపల టార్చి పెట్టి బయట వేళ్ళు ఆనించండి. వేళ్ళ నీడ కనిపిస్తే పింగాణీ, కనిపించకపోతే మట్టి సామాను మీద తెల్లటి మెరుపు పూత. మన వైపు దొరికే హాలండు పళ్ళేలు, స్ఫింక్స్ బొమ్మతో మాస్ట్రిక్ట్ అని రాసి ఉంటాయి, అవి రెండో రకమే. మెరుపు పూతలో సన్నటి పగుళ్ళు పడి వాటిలోకి వరద నీళ్ళు దిగితే గోధుమరంగు గీతలు ఉండిపోతాయి, 1986 గోదావరి వరద చూసిన ఇళ్ళలో ఇలాంటివి ఉంటే ఆశ్చర్యం లేదు.

జపాను కప్పులకి కాలం పట్టుకోవడం తేలిక. 1890లో అమెరికా చేసిన మెకిన్లీ చట్టం వల్ల దిగుమతి వస్తువు మీద దేశం పేరు రాయాల్సి వచ్చింది, దాంతో జపానువాళ్ళు నిప్పన్ (వాళ్ళ భాషలో వాళ్ళ దేశం పేరు) అని రాశారు, 1921 నుంచి జపాన్ అని రాయాల్సి వచ్చింది. ఆక్యుపైడ్ జపాన్ అని ఉంటే అది 1952 లోపు, అమెరికా సేనలు అక్కడున్నప్పటిది. నోరిటాకే కంపెనీ నగోయాలో పుట్టింది 1904లో, కాబట్టి మా తాతమ్మ పెళ్ళిది, 1890ది అంటూ నోరిటాకే చూపిస్తే నవ్వి ఊరుకోండి. వంకరగా కలిసిన రెండు నీలం కత్తులు ఉంటే జర్మనీ మైసెన్ పింగాణీ అంటారు, కానీ ఆ కత్తుల్ని కాపీ కొట్టినంతగా ఇంకే ముద్రనీ కొట్టలేదు, కత్తులు చూసి లక్షలు ఊహించుకోవద్దు. బెంగాల్ పాటరీస్ అని కలకత్తా ముద్ర ఉన్నవి చవగ్గా దొరుకుతాయి, నాకైతే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వాటితోనే మొదలుపెట్టాలనిపిస్తుంది.

చూసుకునే విధానం. వెండి నల్లబడటానికి కారణం గంధకం. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, కోడిగుడ్డు, అన్నీ శత్రువులే, చేపల చెరువు అడుగు బురదలో పుట్టే కుళ్ళు వాసన వాయువు కూడా అదే బాపతు. నూలుగుడ్డలో చుట్టి, గాలి దూరని డబ్బాలో రెండు సుద్దముక్కలు వేసి పెట్టండి. కడగాలంటే కుంకుడు రసం, మెత్తటి గుడ్డ. టూత్‌పేస్టు వద్దు, ఇత్తడి తోమే పొడి అసలే వద్దు, పూత సామాను అయితే రెండు దీపావళులకే కింద లోహం బయటపడుతుంది. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళ చిట్కా నిజంగానే పనిచేస్తుంది, కానీ పనితనం గాడుల్లో ఉండే నలుపు కూడా పోయి బొమ్మలు చప్పగా తయారవుతాయి, స్వామి సిల్వర్‌కి మాత్రం చెయ్యకండి. పింగాణీలో బంగారు అంచున్న కప్పులు మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, మెరుపు పూత మీద రంగులు వేసిన పాత కప్పుల్లో నిమ్మకాయ టీ తాగకూడదు, ఆ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది.

అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపిద్దాం అనుకునేవాళ్ళకి ఒక మాట. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇలాంటి పనితనపు వస్తువుని సొంతంగా దేశం దాటించకూడదు. నూరేళ్ళు నిండలేదంటే పురావస్తు శాఖ దగ్గర అది పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకుని పంపండి, ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఉండదు. ఆ సర్టిఫికెట్‌కైనా, నన్ను అడగడానికైనా ఫోటోలు తీసేటప్పుడు అడుగు, మూత లోపలి భాగం, పిడి అతుకు, ఈ మూడూ పగటి వెలుతురులో తీయండి. ఫ్లాష్ వేస్తే ముద్ర తెల్లగా అలికేసినట్టు వస్తుంది, అప్పుడు సింహమో కుక్కో నాక్కూడా తెలియదు.