జనం రాని బీచ్ పార్క్‌కి ఒక్క రోజు ట్రిప్: నేను ముందు చూసేది ఆటుపోట్ల టేబుల్

అందరికీ నమస్కారం. స్క్రీన్ కనిపిస్తోంది కదా, సరే. సముద్రం ఒడ్డున ఉండే పార్క్, అదీ జనం పెద్దగా రాని చోటు, పొద్దున వెళ్లి చీకటి పడేలోపు వచ్చేయాలి. ఆ ఒక్క రోజుకి ప్లాన్ ఎలా వేస్తానో చూపిస్తా. జనం లేకపోవడం హాయిగానే ఉంటుంది, కానీ అక్కడ దారి తప్పినా, నీళ్లు అయిపోయినా అడుగుదామంటే మనిషి కనపడడు, అందుకని ఇంట్లోనే ఒక అరగంట కూర్చుని పని పూర్తి చేసుకుందాం.

ముందు పార్క్ వాళ్ల సొంత పేజీ తెరవండి, ఇదిగో ఇలా. గేటు ఎన్నింటికి తీస్తారు, ఎన్నింటికి మూస్తారు, పార్కింగ్ ఎక్కడ, ఇవి తెలిసినవే, చకచకా చూసేయండి. ఒక్కటి మాత్రం కిందికి జరిపి చదవండి, నోటీసులు అని ఉంటుంది చూడండి. తీర పక్షులు కొన్ని నేల మీదే, ఇసుకలోనే గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు ఇసుక రంగులో ఉంటాయి, పక్కనే నిలబడినా కనిపించవు. అందుకే గుడ్లు పెట్టే నెలల్లో ఒడ్డులో కొంత భాగం తాడు కట్టి మూసేస్తారు. మీరు నడవాలనుకున్నది సరిగ్గా ఆ ముక్కే కావచ్చు.

ఇప్పుడు మ్యాప్. గూగుల్ మ్యాప్స్, శాటిలైట్ వ్యూ. నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, కింద దూరం కొలిచే ఆప్షన్ ఉంది చూశారా, అది నొక్కి ఒడ్డు వెంట ఇలా ఇలా జరుపుతూ పోండి. మూడు కిలోమీటర్లు చూపించింది. ఇసుకలో మూడు కిలోమీటర్లు రోడ్డు మీద మూడు లాంటివి కావు, నేనైతే రోడ్డుకి పట్టే టైమ్‌కి సగం కలుపుకుంటా. అన్నట్టు, ఈ కొలిచే పని కంప్యూటర్‌లోనే సుఖం, రైట్ క్లిక్ చేస్తే చాలు, ఫోన్‌లో వేలు అడ్డొస్తుంది.

సరే, అసలు సంగతి. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఆటుపోట్ల టేబుల్. స్క్రీన్ మీద పెద్దది చేస్తున్నా, చూడండి. ఆటు పొద్దున 11:40, 0.4 మీటర్లు. పోటు సాయంత్రం 5:50, 2.4 మీటర్లు. ఆటు అంటే నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉన్న సమయం, పోటు అంటే బాగా పైకి వచ్చిన సమయం, అంతే.

మొదటిసారి నేనేం చేశానంటే, ఆటు టైమ్ చూసి, సరిగ్గా ఆ టైమ్‌కే నడక మొదలుపెట్టా. నీళ్లు తక్కువున్నప్పుడే కదా నడవాలి అనుకున్నా. రాళ్ల మలుపు ఒకటి దాటి అవతలి చిన్న ఒడ్డుకి వెళ్లా, ఫొటోలు తీసుకున్నా, కూర్చున్నా, దాదాపు మూడు గంటలు. తిరిగొస్తే మలుపు దగ్గర దారి లేదు. నేను నడిచి వచ్చిన ఇసుక మీద నడుం లోతు నీళ్లు, అలలు వచ్చి రాళ్లకి కొడుతున్నాయి. పైకెక్కుదామంటే నిట్టనిలువు గట్టు. చివరికి ఒక ఎత్తైన రాయి మీద ముడుచుకుని కూర్చున్నా, మళ్లీ నీళ్లు తగ్గేదాకా, చీకట్లో.

అందుకే చెప్తున్నా, ఆటు టైమ్ అనేది బయల్దేరే టైమ్ కాదు, వెనక్కి తిరిగే టైమ్. మళ్లీ చెప్తా, వెనక్కి తిరిగే టైమ్. ఈ టేబుల్ ప్రకారం ఆటు 11:40 కదా, నేనైతే 9:40కి నడక మొదలుపెడతా, 11:40కి ఎక్కడున్నా సరే వెనక్కి తిరుగుతా, 12:15 కల్లా రాళ్ల మలుపు ఇటుపక్కకి వచ్చేస్తా.

ఇంకొకటి, నీళ్లు ఒకే వేగంతో పెరగవు. ఆటు తర్వాత మొదటి గంటలో మొత్తం పెరిగేదాంట్లో పన్నెండో వంతు, రెండో గంటలో అలాంటివి రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత మళ్లీ రెండు, ఒకటి. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ పనికొస్తుంది. ఇక్కడ తేడా 2 మీటర్లు కదా, మొదటి గంటలో 17 సెంటీమీటర్లే, ఏముందిలే అనిపిస్తుంది, మూడో గంట ఒక్కదాంట్లోనే 50. నేను చిక్కుకుపోయింది ఆ మూడో గంటలోనే.

పోయిన వారం ఎవరో వెళ్లొచ్చి చెప్పిన టైమ్ పట్టుకుని వెళ్లకండి. చాలా తీరాల్లో ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. కొన్ని చోట్ల రోజుకి ఒక్కసారే పోటు వస్తుంది. పౌర్ణమి, అమావాస్య దగ్గర్లో పోటు ఇంకా పైకి, ఆటు ఇంకా కిందికి. ఆ, టేబుల్ పైన మూలలో టైమ్ జోన్ ఏది రాశారో చూడండి, కొన్ని టేబుళ్లు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే ఉండే ప్రామాణిక సమయంలో ఇస్తాయి, మీ గడియారంతో కలవదు. ఒడ్డు వైపు గాలి గట్టిగా ఉన్నా, వాయుపీడనం తగ్గినా నీళ్లు టేబుల్‌లో ఉన్నదానికంటే పైకి వస్తాయి, అలాంటి రోజు నేను మలుపు దాటను.

వాతావరణం త్వరగా చూసేద్దాం. వాన అందరూ చూస్తారు, మీరు గాలి చూడండి. ఎండెక్కేకొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కి సముద్రం మీంచి గాలి మొదలవుతుంది, మధ్యాహ్నం దాటాక ఇసుక కళ్లలో కొడుతుంది. పొద్దుటి పూటే మేలు. చల్లగాలికి ఎండ తెలియదు గానీ చర్మం కమిలిపోతూనే ఉంటుంది, టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

సంచిలో ఏముండాలో మీకు తెలుసు, నీళ్లు, పవర్ బ్యాంక్, చెత్తకి ఒక ఖాళీ కవరు. టేబుల్ స్క్రీన్‌షాట్ తీసి లాక్ స్క్రీన్‌కి పెట్టేయండి, ఇది నా షార్ట్‌కట్, తడి చేత్తో యాప్ వెతుక్కునే బాధ ఉండదు. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, ప్రొఫైల్ ఫొటో, ఆఫ్‌లైన్ మ్యాప్స్, డౌన్‌లోడ్, అయిపోయింది. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, నీలం చుక్క కనిపిస్తుంది, కాకపోతే గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో నడక దారి చెప్పదు. అందుకని మలుపు దగ్గరొకటి, కారు దగ్గరొకటి పిన్ పెట్టి సేవ్ చేసుకోండి.

ఇక ఆఖరిది, ఈ మెసేజ్ చూడండి, ఇలాగే ఇంట్లో ఒకరికి పంపుతా: "రేపు ఫలానా పార్క్, రాళ్ల మలుపు అవతలికి వెళ్తున్నా, 12:15కి ఇటు వచ్చేస్తా, 2 దాటినా నా నుంచి ఫోన్ రాకపోతే పార్క్ వాళ్లకి చెప్పు." కింద పార్క్ నంబర్. పంపేశాను, రెండు టిక్కులు పడ్డాయి, ఇక పడుకోవడమే.